కాళీనది ఎక్కడ పుట్టింది?



“కాలాపానీ” అనగానే మన తెలుగువారికి అండమాను చెరసాల స్ఫురిస్తుంది. నేను ముచ్చటించబోయేది ఆ కాలాపానీని గురించి కాదు. ఉత్తరాఖండ్ రాష్ట్రంలో, పిథోరాగఢ్ జిల్లా కొనలో, భారత, నేపాల, చైనా దేశాలు కలుసుకొనే మూల అదే పేరుగల చిన్న చోటొకటి ఉన్నది. లిపులేఖ్ కనుమ మీదుగా కైలాస మానససరోవర యాత్ర చేసివచ్చిన తెలుగువారు ఆ దారినే వెళ్లినవారు. అక్కడ కాళీమాత గుడి ఉన్నది, కొన్ని ఊటలున్నాయి. ఆ ఊటలే కాళీనదికి జన్మస్థానమని మన ప్రభుత్వం అంటుంది. నేపాలు ఒప్పుకోదు. నది అంతకంటె పైన, వాయవ్యంగా లింపియాధురా దగ్గర పుట్టిందని దాని వాదం. ఈ రెండు పుట్టుచోట్ల నడుమ ఉన్న నేల సుమారు 335 చదరపు కిలోమీటర్లు.

ఈ తగవు గురించి మన పత్రికలు 2020లో చాలా వ్రాసి, ఆ తరువాత మరచిపోయాయి. నాకు దానిలో ఆసక్తి కలిగించినది వేరొక అంశం. నేపాలులో జరిగిన ప్రతి పెద్ద ఎన్నికా ఈ తగవును కొంత మార్చుతూ వచ్చింది. సరిహద్దు అంగుళమైనా కదలలేదు. కాని రాజీకి కూర్చోగలవారి సంఖ్య ఎన్నిక ఎన్నికకూ తగ్గిపోయింది. అది ఎట్లు జరిగిందో నాకు అర్థమైనంత మేరకు చెబుతాను.

మొదట నది సంగతి. 1814–16 యుద్ధంలో ఓడిన గూర్ఖారాజ్యం ఈస్టిండియా కంపెనీతో సుగౌలీ సంధి చేసుకొన్నది. సంతకాలు 1815 డిసెంబరులోను, ధ్రువీకరణ 1816 మార్చిలోను జరిగాయి. కాళీనదికి పడమటనున్న భూములపై నేపాలురాజు హక్కు వదలుకొంటున్నాడని అందులోని ఐదవ నిబంధన. తర్కశాస్త్రం చదివినవారికి ఉద్దేశము, లక్షణము, పరీక్ష అనే మూడు మెట్లు తెలిసినవే. సుగౌలీ సంధి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. పేరు చెప్పింది, లక్షణం చెప్పలేదు. కాళి అంటే ఏ పాయ?

గుంజీ గ్రామం దగ్గర రెండు పాయలు కలుస్తాయి. ఒకటి కాలాపానీ వైపునుండి వచ్చేది. రెండవది లింపియాధురా వైపునుండి వచ్చే కుటీ యాంక్తీ. నీరు ఎక్కువగా ఉన్నది రెండవదానిలో. 1817లోనే నేపాలు ఈ ప్రశ్న లేవనెత్తింది. కాళికి తూర్పుననున్న టింకర్, ఛాంగ్రు గ్రామాలు తమవని అడిగితే కంపెనీవారు ఇచ్చివేశారు. పిదప కుటీ, నాభీ గ్రామాలు కూడ తమవే కావాలనీ, పెద్దపాయయే అసలు కాళి అనీ వాదిస్తే మాత్రం ఒప్పుకోలేదు. చిన్నదైనా సరే, స్థానికులు ఏ పాయను కాళి అని పిలుస్తున్నారో అదే కాళి అని సర్వేయరు వెబ్ వంటివారు తేల్చారు. ఒకరిది నీటిని కొలిచే వాదం, ఒకరిది పేరును నమ్మే వాదం. రెండు వందల సంవత్సరాలు గడచినా ఇరుపక్షాల వాదాల సారం ఇంతే. తరువాతి పటాలు సాయపడలేదు సరికదా, చిక్కును పెంచాయి. నేపాలు 1827, 1856 నాటి ఆంగ్లేయుల పటాలు చూపుతుంది, మనవారు 1879 నాటి పటం చూపుతారు. ఎవరి పటం వారిది.

నేపాలులో ఎన్నికలు లేని కాలంలో ఈ తగవుకు నోరు లేదు. 1959లో మొదటి సార్వత్రిక ఎన్నిక జరిగి బి. పి. కోయిరాలా ప్రధాని అయ్యాడు కాని, మరుసటి సంవత్సరం డిసెంబరులోనే మహేంద్రరాజు ఆ ప్రభుత్వాన్ని తొలగించాడు. 1961లో చైనాతో సరిహద్దు ఒప్పందం చేసుకొన్నప్పుడు మొదటి నంబరు స్తంభం టింకర్ కనుమ దగ్గరనే పాతారు, లింపియాధురా దగ్గర కాదు. మనవారు నేటికీ దీనిని సాక్ష్యంగా చూపుతారు. 1962 యుద్ధం తరువాత కాలాపానీలో భారత బలగాలు స్థిరపడ్డాయి, రాజు కిమ్మనలేదు. భయమో, లెక్కయో, స్నేహమో! రాజు మౌనానికి కారణం ప్రజలకు చెప్పవలసిన అవసరం ఆనాడు లేదు.

1990లో బహుపక్ష ప్రజాస్వామ్యం మరల వచ్చింది. ఇక్కడనుండే కథ ఆసక్తికరంగా మారుతుంది, పైగా దీనిలో ఒక తెలుగు పేరు కూడ ఉన్నది. 1994 నవంబరు ఎన్నికలో ఏ పార్టీకీ ఆధిక్యం రాలేదు. 205 స్థానాలలో ఏమాలె అనే కమ్యూనిస్టు పార్టీకి 88, నేపాలీ కాంగ్రెసుకు 83 వచ్చాయి. మొదట మన్మోహన్ అధికారి మైనారిటీ ప్రభుత్వం, అది తొమ్మిది నెలలకు పడిపోయాక కాంగ్రెసు నాయకుడు షేర్ బహదూర్ దేవ్‌బా ప్రభుత్వం వచ్చాయి. ఆ దేవ్‌బా 1996 ఫిబ్రవరి 12న ఢిల్లీలో మన పి. వి. నరసింహారావుగారితో కలిసి మహాకాళీ ఒప్పందంపై సంతకం చేశాడు. కాళినే నేపాలువారు మహాకాళి అంటారు. నీటి పంపకం, పంచేశ్వర్ ఆనకట్ట అందులోని ముఖ్యవిషయాలు. ఆ ఆనకట్ట నేటికీ లేవలేదు.

ఆ ఒప్పందపు పీఠికలో ఒక మాట ఉన్నది. మహాకాళి “చాలా భాగంలో” ఇరుదేశాల సరిహద్దు నది అని. ఎంత ఒడుపుగా పడిన మాట! చాలా భాగం అంటే కొంతభాగం కాదనే కదా. ఏ కొంతభాగమో చెప్పలేదు. నది మొదలును పక్కన పెట్టి, నీటిని పంచుకొందామని పెద్దలు అనుకొన్నట్లు తోస్తుంది. ఒప్పందాలలో అస్పష్టత ఒక్కొక్కప్పుడు లోపం కాదు, అది ఊపిరి పీల్చుకొనే సందు. నరసింహారావుగారికి ఆ విద్య బాగా తెలుసు.

కాని అటువంటి ఒప్పందాలకు నేపాలు రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. 1994 ఓటర్లు ఆ సంఖ్యను ఎవరి చేతా పెట్టలేదు. ప్రతిపక్షమైన ఏమాలె ఓట్లు లేనిదే పని జరగదు. ఆ పార్టీ నిలువునా చీలిపోయేంతగా వాదులాడుకొన్నది. ఒప్పందం ఆమోదించవలసిందేనని గట్టిగా నిలబడినవారిలో ఖడ్గప్రసాద్ శర్మ ఓలీ ఒకడు. ఈ పేరు గుర్తుంచుకోండి. 1996 సెప్టెంబరులో ఆమోదమైతే లభించింది. 1998లో బామ్‌దేవ్ గౌతమ్ వర్గం విడిపోయి కొత్త పార్టీ పెట్టుకొన్నది, కాలాపానీ అన్న మాట ఖాట్మండు వీధులలో మారుమ్రోగింది.

మరి 1999 ఎన్నికలో ఏమైంది? కాలాపానీ పేరున అంత గొంతెత్తిన ఆ పార్టీకి నూటికి ఆరు ఓట్లు పైచిలుకు వచ్చాయి, స్థానం మాత్రం ఒక్కటీ రాలేదు. మాతృపార్టీ ఓట్లు చీల్చి కాంగ్రెసును గెలిపించడమే దానికి దక్కిన ఫలం. ఇరవై ఏళ్ల తరువాత జరిగినదానితో పోల్చినప్పుడు ఈ ఘట్టం విలువ తెలుస్తుంది. 1999లో నేపాలు ఓటరుకు నది పుట్టుకకంటె ముఖ్యమైన పనులున్నాయి. దేశాభిమానం ఎక్కడైనా ఓట్లు రాలుస్తుందనుకోవడం సరికాదు, దానికి ముందు ఎవరో గాయం చేయాలి.

గాయం 2015లో అయింది. ఏప్రిల్ 25న మహాభూకంపం. మే నెలలో భారత, చైనా ప్రధానులు బీజింగులో కలిసినప్పుడు లిపులేఖ్ మీదుగా వాణిజ్యం పెంచాలని సంయుక్త ప్రకటన చేశారు, మూడవవాడి మాట అడుగలేదు. సెప్టెంబరు 20న నేపాలు కొత్త రాజ్యాంగం ప్రకటించింది. తమకు అన్యాయం జరిగిందని తరాయి ప్రాంతపు మధేశీలు ఆందోళన చేశారు. సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. వంటగ్యాసు, పెట్రోలు, మందులు నెలల తరబడి దొరకలేదు. ఆపినది మేము కాదు, మధేశీ ఆందోళనకారులని మన ప్రభుత్వం చెప్పింది. భూకంపంలో ఇల్లు కూలి, చలికాలంలో పొయ్యి వెలగని నేపాలీ గృహస్థు ఆ మాట నమ్మలేదు. సముద్రం లేని దేశానికి దారి మూతపడటమంటే ఏమిటో తీరప్రాంతంలో పుట్టిన మనకు అంత సులువుగా అర్థం కాదేమో.

ఆ అక్టోబరులో ప్రధాని అయినవాడు ఓలీ. ఆనాడు మహాకాళీ ఒప్పందాన్ని సమర్థించిన ఓలీయే. 2016లో చైనాకు వెళ్లి రవాణా ఒప్పందం చేసుకొన్నాడు. 2017 నవంబరు, డిసెంబరు నెలలలో ఎన్నికలు వచ్చినప్పుడు దిగ్బంధానికి లొంగనివాడన్న పేరే అతని పెట్టుబడి. ఏమాలె, మావోయిస్టుల కూటమి 275 స్థానాలలో 174 గెలిచింది. ప్రచారంలో లింపియాధురా పేరు పెద్దగా వినబడిందని నేననను. అయితే “ఢిల్లీకి తలవంచను” అనే వాగ్దానం మీద గెలిచినవాడు, ఢిల్లీతో తగవు వచ్చిన నాడు తలవంచలేడు. ఓటరు ఇచ్చిన బలంతోపాటు ఈ బంధనమూ వస్తుంది.

తగవు వచ్చింది. జమ్మూకాశ్మీరు విభజన తరువాత 2019 నవంబరు 2న మన ప్రభుత్వం కొత్త పటం ప్రకటించింది. కాలాపానీ ఎప్పటివలెనే మన వైపు ఉన్నది, నేపాలు అభ్యంతరం చెప్పింది. 2020 మే 8న ధార్చూలానుండి లిపులేఖ్ దాక వేసిన దారిని రక్షణమంత్రి ప్రారంభించారు. పన్నెండు రోజులలో నేపాలు తన కొత్త పటం విడుదల చేసింది. జూన్ 13న దిగువసభలో ఆ పటాన్ని రాజచిహ్నంలో చేర్చే రాజ్యాంగ సవరణకు 258 ఓట్లు, వ్యతిరేకంగా సున్న. 18న ఎగువసభలోను అంతే, అదే రోజున రాష్ట్రపతి సంతకం. కాంగ్రెసు, మధేశీ పార్టీలు, రాజరికవాదులు అందరూ చేతులెత్తారు. ఆధారాలేమిటో చర్చించుదామని, సవరణ వద్దని సరితా గిరి అనే సభ్యురాలు ఒక్కతె నిలిచింది. ఆమె పార్టీ ఆమెను బహిష్కరించింది, సభ్యత్వం పోయింది. నది పుట్టుక ఎక్కడ అన్న ప్రశ్న పండితులది, సర్వేయర్లది. ఆ ప్రశ్న అడగడమే నేరమైన రోజది.

ఈ ఘట్టాన్నే అసలు మలుపు అంటాను. అంతకుముందు 2007 నాటికి ఇరుదేశాల నిపుణులు 182 పటాలలో సరిహద్దు దాదాపు 98 శాతం తేల్చారు. కాలాపానీ, సుస్తా అనే రెండు చోట్లు మాత్రం మిగిలాయి. 2014లో వీటిని విదేశాంగ కార్యదర్శులు మాట్లాడుకోవాలని నిర్ణయించారు కూడ, అది ముందుకు సాగలేదు. మనవైపు అలసత్వం లేదని నేను చెప్పలేను. అయినా అప్పటివరకు ఏ నేపాలు ప్రధాని అయినా కొంత ఇచ్చి కొంత పుచ్చుకొనే వీలుండేది. 2020 తరువాత పటంలో గీత జరపాలంటే మరల మూడింట రెండు వంతుల మంది కావాలి. ఆ ఓటు వేసి తన నియోజకవర్గానికి తిరిగి వెళ్లగల సభ్యుడెవరు? ఢిల్లీలో మాత్రం అటువంటివాడున్నాడా?

ఈ నడుమ అక్కడి మనుషులను మరువకూడదు. వ్యాస లోయ అని పిలిచే ఆ ప్రాంతంలో ఉండేవారు రంగ్ జాతివారు. టింకర్, ఛాంగ్రు గ్రామాలవారు నేపాలీలు, గుంజీ, నాభీ, కుటీలవారు భారతీయులు, అందరూ బంధువులు. చలికాలం రాగానే కిందికి దిగుతారు. మన వైపున ధార్చూలా, నది దాటితే నేపాలు దార్చులా, నడుమ వేలాడే వంతెన. పేరు కూడ ఒక్కటే, పలుకుబడి తేడా. టింకర్, ఛాంగ్రువారికి తమ జిల్లాకేంద్రానికి చేరే మంచి దారి మన వైపునుండే ఉండేది. 2021లో నేపాలు జనాభా లెక్కలు తీసినప్పుడు గుంజీ, నాభీ, కుటీలలో గణకులు అడుగుపెట్టలేకపోయారు.

ఓలీకి ఆ పటం ఎంత మేలు చేసింది? ఏమంత లేదు. కొద్ది నెలలకే, 2020 డిసెంబరులో, సొంత పార్టీ కలహాలతో సభను రద్దు చేశాడు. 2021 జులైలో సుప్రీంకోర్టు తీర్పుతో దిగిపోయాడు. 2022 ఎన్నికలో అతని పార్టీ రెండవ స్థానానికి జారింది. అయితే ఆ ఎన్నికలో ఏ పక్షమూ పటం మారుస్తామనలేదు. ఆ తరువాత ప్రధాని అయిన పుష్పకమల్ దహాల్ మంత్రివర్గమే 2024 మే నెలలో ఆ పటాన్ని 100 రూపాయల నోటు మీద ముద్రించాలని నిర్ణయించింది. 2025 ఆగస్టులో భారత, చైనాలు లిపులేఖ్ వాణిజ్యం తిరిగి తెరవాలని అనుకొన్నప్పుడు, మరల ప్రధానిగా ఉన్న ఓలీ చైనా అధ్యక్షునికే అభ్యంతరం చెప్పివచ్చాడు. కొద్ది రోజులకే, సెప్టెంబరు 9న, యువజనుల తిరుగుబాటులో పదవి పోయింది.

మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కి తాత్కాలిక ప్రధాని అయింది. ఆమెది ఎన్నికలో గెలిచి వచ్చిన ప్రభుత్వం కాదు. పని ఎన్నిక జరిపించడమే, దానికి 2026 మార్చి 5 అని తేదీ పెట్టారు. ఆ నడిమి కాలంలోనే, 2025 నవంబరు 27న, లింపియాధురాతో కూడిన పటం ఉన్న కొత్త 100 రూపాయల నోటు చెలామణికి వచ్చింది. చైనాలో అచ్చైన ఆ నోటు మీది సంతకం అప్పటికే పదవీకాలం ముగిసిన గవర్నరుది. నిర్ణయించిన ప్రధాని లేడు, సంతకం చేసినవాడు లేడు, నోటు వచ్చింది.

ఆ నోటు మీది పటంలో నేపాలుకు చెందిన గుంజీవారు, మన లెక్కలో అల్మోడా లోక్‌సభ స్థానం ఓటర్లు. వారి నియోజకవర్గానికి 2024 ఏప్రిల్ 19న పోలింగు జరిగింది.