కాఫీ పొడిలో చేరిన చేదు ఆకుకూర

కాఫీ పొడి పొట్లం మీద ‘చికోరి’ అనే మాట మన సభ్యులందరూ చూసే ఉంటారు. అదేదో గింజ అని కొందరు, రంగు కోసం కలిపే సరుకు అని కొందరు అనుకుంటారు. నిజానికి అది ఒక ఆకుకూర మొక్క వేరు. ఐరోపా వారు దాని ఆకును కూరగా తింటారు. మనకు మాత్రం వేరే దక్కింది, అదీ బాగా వేయించి పొడి చేశాక.

చికోరి పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. నీలిరంగు పూలు పూస్తుంది. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో గట్ల మీద దానంతట అదే మొలుస్తుంది. రెండు వేల ఏళ్ల క్రితం రోమన్ కవి హొరేస్ తన సాదా భోజనంలో ఆలివ్ పండ్లతో పాటు దీన్ని కూడా చెప్పుకున్నాడు. ఇటలీలో ఈనాటికీ లేత ఆకులను పచ్చిగానే, కాస్త నూనె, వెనిగర్ చల్లుకుని తింటారు. మనం మెంతికూరనైనా పప్పులో వేసి, చింతపండు తగిలిస్తే గాని ఊరుకోం!

ఈ ఆకు చేదు తగ్గాలంటే వెలుతురు తగలకూడదు. 19వ శతాబ్దం మధ్యలో బెల్జియం వారు దీన్నే పెద్ద సాగుగా మార్చారు. ముందు పొలంలో వేరు ఊరనిస్తారు. చలి మొదలయ్యేసరికి వేర్లు తవ్వి, ఆకులు కోసేసి, చీకటి నేలమాళిగలో మట్టిలో నిలబెడతారు. కొన్ని వారాలకు వేరులో దాచుకున్న బలంతోనే తెల్లని, గట్టి మొగ్గ పైకి వస్తుంది. దాని పేరు విట్లూఫ్, అంటే తెల్ల ఆకు.

ఇక వేరు సంగతి. 18వ శతాబ్దంలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు కాఫీ గింజల కోసం దేశం డబ్బు బయటకు పోవడం నచ్చలేదు. 1781లో కాఫీ వేయించడాన్ని ప్రభుత్వం గుప్పిట్లో పెట్టుకున్నాడు. దొంగచాటుగా వేయించేవారిని వాసన బట్టి పట్టుకోవడానికి, యుద్ధాల్లో గాయపడి కొలువు మానిన సైనికులను వీధుల్లో తిప్పాడు. రిటైరైన వారికి ఇంతకంటే విచిత్రమైన పునర్నియామకం నేనెక్కడా చదవలేదు. ఇలాంటి పరిస్థితుల్లో పేదసాదలు చికోరి వేరు కషాయానికి అలవాటు పడ్డారు. 1806లో నెపోలియన్ బ్రిటిష్ సరుకును నిషేధించడంతో ఐరోపాలో కాఫీ గింజలకు కరువొచ్చింది, ఆ కషాయం ఇంకా వ్యాపించింది. యుద్ధాలు ముగిసి గింజలు తిరిగి వచ్చినా అలవాటు పోలేదు. వేరులోని ఇనులిన్ అనే పదార్థం వేయించినప్పుడు మాడిన బెల్లం లాంటి రుచినీ, ముదురు రంగునూ ఇస్తుంది. పైగా ధర తక్కువ.

ధర తక్కువ అనే చోటే తగాదా మొదలైంది. 1850లలో లండన్‌లో హస్సాల్ అనే వైద్యుడు కాఫీ పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, స్వచ్ఛమైనదని అమ్మిన దానిలో కూడా చికోరి కనిపించింది. మన దేశంలో 1955 నాటి కల్తీ నిరోధక నిబంధనలు దీనికి ఒక హద్దు పెట్టాయి. చికోరి కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, కలిపిన సంగతి పొట్లం మీద రాయాలి. నేటి ఆహార భద్రత నిబంధనల్లోనూ ఆ 51 శాతం అలాగే ఉంది. దస్త్రాల మధ్య బతికినవాణ్ణి కనుక చెబుతున్నాను, కొనే ముందు ఆ అంకె చదవండి. చికోరి కలపడం నా దృష్టిలో తప్పు కాదు. అందులో కెఫీన్ ఉండదు, డికాక్షన్ చిక్కగా దిగుతుంది. కానీ సగం వేరు కలిపిన పొడికి గింజల ధర పుచ్చుకుంటే, నెలకింతని లెక్క చూసుకునే పింఛనుదారుకు అది నష్టమే.

మన దేశంలో ఈ వేరు పంట ముఖ్యంగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. యునానీ వైద్యంలో వాడే కాస్నీ ఈ మొక్కే. ఉత్తరాది రైతులకైతే ఇది పశుగ్రాసం చేలల్లో పెరిగే కలుపు కూడా.

ఆకు రుచి చూడాలనుకునే వారు విత్తనం దొరికితే కార్తీకంలో కుండీలో చల్లుకోవచ్చు. మొక్క ఎదిగాక ఖాళీ కుండీ ఒకటి బోర్లించి, అడుగు రంధ్రం మూసి, రెండు వారాలు ఉంచితే ఆకు పాలిపోయి చేదు తగ్గుతుంది. ఎండలు ముదిరితే పూకాడ వేసి ఆకు మరీ చేదెక్కుతుంది కనుక శివరాత్రి లోపలే కోసుకోవాలి.