కేక లేని విలాపం: హాథోర్న్ హైట్స్ ‘ఫ్రాజైల్ ఫ్యూచర్’ ఆల్బమ్‌లో శోకం

2007 నవంబరు 24. వాషింగ్టన్ డీసీలోని నైన్ థర్టీ క్లబ్‌లో ఆ రాత్రి అమెరికన్ రాక్ బృందం హాథోర్న్ హైట్స్ కచేరీ జరగాలి. కచేరీకి ముందే, బృందం ఊరూరా తిరిగే బస్సులోనే, గిటారిస్టు కేసీ కాల్వర్ట్ చనిపోయి ఉన్నాడు. వయసు 26. అతను వాడిన మందులు ఒంట్లో ఒకదానితో ఒకటి కలిసి వికటించాయనీ, అది ప్రమాదవశాత్తు జరిగిన మరణమనీ వైద్య పరీక్షలో తేలింది. ఎనిమిది నెలల పన్నెండు రోజుల తర్వాత, 2008 ఆగస్టు 5న, మిగిలిన నలుగురూ ‘ఫ్రాజైల్ ఫ్యూచర్’ అనే ఆల్బమ్ విడుదల చేశారు. కాల్వర్ట్ స్థానంలో కొత్తవాళ్లెవరినీ తీసుకోలేదు.

ఈ ఆల్బమ్ గురించి మాట్లాడేటప్పుడు అందరి చూపూ పాటల్లోని మాటల మీదికే పోతుంది. ఏ పాట కాల్వర్ట్ కోసం రాసింది, ఏ చరణంలో అతని జ్ఞాపకం ఉంది అని వెతుకుతాం. ఆ వెతుకులాట అవసరమే. కానీ ఇందులోని దుఃఖం ప్రధానంగా మాటల్లో లేదనీ, వినిపించకుండా పోయిన ఒక శబ్దంలో ఉందనీ నా వాదన. ఆ శబ్దం కేక.

హాథోర్న్ హైట్స్ పాడే ఎమో అనే పాటల తీరు పుట్టింది కూడా వాషింగ్టన్ డీసీలోనే. 1985 వేసవిలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్ లాంటి బృందాలు హార్డ్‌కోర్ పంక్ వేగాన్నీ ఆవేశాన్నీ అలాగే ఉంచి, దాని గురిని మార్చాయి. అంతవరకూ ప్రభుత్వం మీదా సమాజం మీదా విరుచుకుపడిన గొంతు తన లోపలి బాధ వైపు తిరిగింది. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఆ ధోరణి అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతపు చిన్న నగరాల కుర్రకారు చేతికొచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ అలాంటి నగరమే. అక్కడ 2001లో ‘ఎ డే ఇన్ ది లైఫ్’ పేరుతో మొదలైన బృందం 2003లో హాథోర్న్ హైట్స్‌గా మారింది. 2004లో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘ది సైలెన్స్ ఇన్ బ్లాక్ అండ్ వైట్’, 2006లో వచ్చిన రెండోది ‘ఇఫ్ ఓన్లీ యు వర్ లోన్లీ’, రెండూ అమెరికాలో గోల్డ్ స్థాయికి, అంటే 5 లక్షల ప్రతులకు చేరాయి. రెండోది విడుదలైన వారమే బిల్‌బోర్డ్ జాబితాలో మూడో స్థానం అందుకుంది.

బృందం అప్పటి అమరికను కాస్త దగ్గరగా చూడాలి. జేటీ వుడ్రఫ్ ప్రధాన గాయకుడు, గిటారు కూడా వాయిస్తాడు. లీడ్ గిటారు మైకా కార్లీది. మాట్ రైడెనార్ బేస్, ఏరన్ బుచియారెల్లి డ్రమ్స్. కాల్వర్ట్ మూడో గిటారిస్టు. పోస్టర్ మీద చూస్తే ఇంతే. పాటలో చూస్తే మాత్రం అతని అసలు వాటా వేరే. కేకలు వేసే గొంతు అతనిది.

ఈ కేకను అరుపు అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. ఇది సాధనతో వచ్చే విద్య. మామూలు పాటలో శబ్దం స్వరతంత్రుల కంపనం నుంచి పుడుతుంది. కేక వేసేటప్పుడు గాయకుడు గొంతును బిగించి, ఆ తంత్రులకు పైనున్న మడతలను కూడా అదిరేలా చేసి, పొట్ట నుంచి గాలిని తోస్తాడు. శ్రుతి దాదాపు మాయమై గరుకుదనం మిగులుతుంది. ఆ పద్ధతి తెలియకుండా రోజూ కచేరీలో అరిస్తే గొంతు నెల తిరక్కుండా పోతుంది. ‘ఒహాయో ఈజ్ ఫర్ లవర్స్’ పాటలో ఇదెలా పని చేస్తుందో వినండి. పేరు వర్జీనియా రాష్ట్ర పర్యాటక నినాదాన్ని తిప్పి పెట్టుకున్నది. విషయం ఊళ్లు పట్టుకు తిరిగే కుర్రాడికి ప్రియురాలి మీద బెంగ. వుడ్రఫ్ గొంతు రాగంలో, సన్నగా, మర్యాదగా నడుస్తుంటుంది. దాని వెనక నుంచి కాల్వర్ట్ కేక లేస్తుంది. ఇద్దరు మనుషుల సంభాషణలా అనిపించదు. ఒకే మనిషి నలుగురి ముందు చెప్పే మాటా, తలుపేసుకున్నాక పెట్టే ఏడుపూ ఒకేసారి వినబడినట్టు ఉంటుంది.

మన అలంకారశాస్త్రం పరిభాషలో చెబితే ఇది అనుభావం. లోపలి భావం ఒంటి మీద, గొంతులో బయటపడే తీరు. కరుణరసానికి స్థాయీభావం శోకం; ఆప్తుల మరణం లాంటి ఘోరమైన వియోగం దానికి కారణం, అంటే విభావం; కన్నీళ్లు, నేల మీద పడి పొర్లడం, విలాపం దానికి అనుభావాలు. హాథోర్న్ హైట్స్ మొదటి రెండు ఆల్బమ్‌లలో విచిత్రమైన పొంతన లేమి కనిపిస్తుంది. విలాపం చావింటి స్థాయిది. కారణం మాత్రం ప్రేమలో ఎడబాటు, ఫోను కోసం ఎదురుచూపు, ఊరు గుర్తుకు రావడం. ఆ ఈడు పిల్లలకు ఎడబాటు చావులాగే అనిపిస్తుంది కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. ఆ నిజాయితీ వల్లే అన్ని లక్షల మంది ఆ పాటలను తమవి చేసుకున్నారు. అయితే 2007 నవంబరులో నిజంగా చావే వచ్చింది. విలాపానికి తగిన కారణం మొదటిసారి దొరికింది. విలపించాల్సిన గొంతు మాత్రం చనిపోయినవాడిదే. నిన్నటిదాకా అనుభావాన్ని మోసినవాడు ఇవాళ ఆలంబన విభావం, అంటే శోకానికి కారణమైన వ్యక్తి, అయ్యాడు.

మన ఊళ్లలో చావింట శోకాలు పెట్టి ఏడవడం అంటాం. పోయినవాడి పేరూ వరసా చెప్పుకుంటూ, చేసిన మంచిని తలుచుకుంటూ ఆడవాళ్లు గొంతెత్తుతారు. ఆ గుంపులో ఏడవకుండా గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఒకరుంటే పెద్దవాళ్ల చూపంతా అటే. “ఏడువు తల్లీ, లోపల పెట్టుకోకు” అని వీపు నిమురుతారు. ‘ఫ్రాజైల్ ఫ్యూచర్’ విన్న ప్రతిసారీ నాకు ఆ గోడకు ఆనుకున్న మనిషే గుర్తొస్తుంది.

సభ్యుణ్ణి పోగొట్టుకున్న బృందాలు ఇంతకుముందూ ఉన్నాయి. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ పోతే ఏసీ/డీసీ బృందం బ్రయన్ జాన్సన్‌ను తెచ్చుకుని ఆ జులైలోనే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ తెచ్చింది. నల్లటి అట్ట, మొదట్లో గంట మోత సంతాప చిహ్నాలయ్యాయి. అదే ఏడాది మే 18న ఇయాన్ కర్టిస్ పోయాక జాయ్ డివిజన్‌లో మిగిలినవాళ్లు పాత పేరునే వదిలేసి న్యూ ఆర్డర్ అయ్యారు. 1995 ఫిబ్రవరి 1న రిచీ ఎడ్వర్డ్స్ కనిపించకుండా పోయాక మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ ముగ్గురే కొనసాగారు; అతను రాసిపెట్టిన మాటలు కొన్ని 1996 నాటి ‘ఎవ్రీథింగ్ మస్ట్ గో’లో చేరాయి, వేదిక మీద అతను నిలబడే చోటు ఖాళీగా ఉండిపోయింది. హాథోర్న్ హైట్స్ ఈ మూడో దారికి దగ్గర. ఒక్క తేడా ఉంది. ఎడ్వర్డ్స్ వదిలివెళ్లినవి మాటలు, వాటిని వేరొకరు పాడగలరు. కాల్వర్ట్‌ది గొంతు.

ఇక్కడ స్టూడియో పనితీరును గుర్తు చేసుకుంటే విషయం ఇంకాస్త తేటపడుతుంది. రికార్డింగులో ఒకే గిటారిస్టు ఒక వరసను వాయించి, దాని మీద ఇంకొకటి, మళ్లీ మరొకటి పేర్చుకుంటూ పోవచ్చు. ఇద్దరు గిటారిస్టులతో ముగ్గురి నిండుదనం తేవడం ఏ ఇంజనీరుకైనా పెద్ద పని కాదు. కాబట్టి మూడో గిటారు లేని లోటు ఆల్బమ్‌లో చెవికి తెలియాల్సిన అవసరమే లేదు; నాకైతే తెలియలేదు. కేకను అలా పూడ్చలేం. ఇంకొకరి చేత వేయిస్తే అది ఇంకొకరి కేక అవుతుంది. ఆ నలుగురూ చెయ్యని పని అదే. గిటార్లు మోగాల్సిన చోట గిటార్లు మోగాయి, కేక రావాల్సిన చోట రాగంలో గొంతు మాత్రమే ఉంది.

‘ఫోర్ బికమ్ వన్’ అనే పాట కాల్వర్ట్ కోసం చేసింది. పేరులోనే లెక్క ఉంది. నలుగురు ఒక్కటయ్యారు అంటున్నారు, ఐదు అనే అంకె ఎక్కడా లేదు. ఐదుగురిలో ఒకరు పోతే నలుగురు అనేది తీసివేత. పేరు ఆ తీసివేతను చెప్పకుండా దాటేసి, ఆ తర్వాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. వినేవాడే వెనక్కి వెళ్లి ఆ ఒక్కణ్ణి లెక్కలో కలుపుకోవాలి. పాత పాటల అలవాటున్న చెవి ఇక్కడ చేసే పనీ అదే. ఉధృతి పెరుగుతుంటే వెనక నుంచి ఆ గరుకు గొంతు లేస్తుందని మన ప్రమేయం లేకుండానే సిద్ధపడతాం. అది లేవదు. హెడ్‌ఫోన్స్‌లో, రాత్రిపూట, పాత ఆల్బమ్ విన్న వెంటనే ఇది వింటే ఆ ఖాళీ దాదాపు చేత్తో తాకగలిగేటంత దగ్గరగా ఉంటుంది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. రెండో ఆల్బమ్ నాటికే కేకలు తగ్గాయి. ‘సేయింగ్ సారీ’ లాంటి పాట రేడియోకు సరిపడేంత మెత్తగా ఉంది. బృందం ఎటు పోతోందో మరణానికి ముందే తెలుస్తోంది. పైగా 2006 ఆగస్టులో తమ రికార్డు సంస్థ విక్టరీ మీద దావా వేసి, చివరికి అదే సంస్థ ద్వారా ఈ ఆల్బమ్ తెచ్చారు. మరి ఈ నునుపుదనాన్ని వ్యాపారం ఖాతాలో ఎందుకు వెయ్యకూడదు? ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, కొన్ని పాటలకు అది వర్తిస్తుందని ఒప్పుకుంటాను. ఆల్బమ్ ఆసాంతం ఒకే ఎత్తులో లేదు. కొన్ని పల్లవులు ఎవరైనా కట్టగలిగినవే. కానీ తగ్గడం వేరు, పూర్తిగా లేకపోవడం వేరు. రెండో ఆల్బమ్‌లో కేక అవసరమైన చోట ఉంది, కాబట్టి లేని చోట దాన్ని ఎంచుకుని వదిలారని తెలుస్తుంది. మూడోదానిలో ఎంచుకునే వీలే పోయింది. ఒకే రకం మెత్తదనం వెనక ఈ రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయన్నది విమర్శ పట్టించుకోవాల్సిన విషయం.

2010లో విండప్ సంస్థ తెచ్చిన ‘స్కెలిటన్స్’లోనూ బృందం ఈ కేక లేని మార్గాన్ని వదల్లేదు. 2011 ఆగస్టులో, సొంత సంస్థ ద్వారా, ‘హేట్’ అనే చిన్న రికార్డు వచ్చింది. అందులో కేకలు తిరిగి వినిపించాయి. బయటి మనిషిని పిలవలేదు, పాత సభ్యులే వేశారు. కాల్వర్ట్ పోయి అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. ఆ గొంతు అతనిలా ఉండాలన్న ప్రయత్నం అందులో లేదు. ఇంకాస్త ముతకగా, కోపంగా ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అప్పటికి ఏడ్చాడు.