సామూహిక నష్టాల కేసులు, దళిత న్యాయవాదులు: కోనసీమ నుంచి ఒక చరిత్ర

ఒక దాడి గానీ, ఒక కంపెనీ నిర్లక్ష్యం గానీ ఒక్కసారిగా వందల కుటుంబాలను దెబ్బతీసినప్పుడు వాళ్లందరి పక్షాన కోర్టుకెక్కి, బాధ్యులెవరో తేల్చి, పరిహారం రాబట్టడమే సామూహిక నష్టాల న్యాయపోరాటం. అమెరికాలో నల్లజాతి పేటల కోసం ఈ పని చేసిన లాయర్లకు పెద్ద చరిత్ర ఉంది. అలబామా రాష్ట్రం అనిస్టన్ పట్టణంలో మోన్సాంటో కర్మాగారం వదిలిన పీసీబీ రసాయనాల మీద 20 వేల మందికి పైగా వేసిన దావాలు 2003లో 70 కోట్ల డాలర్లకు పరిష్కారమయ్యాయి. వాళ్ల లాయర్లలో జానీ కాక్రన్ ఒకడు. మన దగ్గర ఊరి చివరి పేట ఎవరిదో తేల్చేది కులం. అందుకే తెలుగునాట ఈ చరిత్రలో ఎక్కువ భాగం దళితుల కేసులదే. ఆ చరిత్రలో ముందు వరుసలో నిలిచిన న్యాయవాది బొజ్జా తారకం. ఆయన ఊరు కోనసీమలోని కందికుప్ప, కాట్రేనికోన మండలం.

తారకం 1939 జూన్ 27న పుట్టాడు. తండ్రి బొజ్జా అప్పలస్వామి షెడ్యూల్డ్ కులాల సమాఖ్య నాయకుడు, శాసనసభ్యుడు. భార్య విజయభారతి రచయిత్రి, మామిడికుదురులో పుట్టిన కవి బోయి భీమన్న కుమార్తె. తారకం నిజామాబాదులో ప్రాక్టీసు చేస్తూ అంబేడ్కర్ యువజన సంఘాన్ని నడిపాడు, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లాడు. తరువాత హైదరాబాదు హైకోర్టుకు మారాడు. ఆయన రాసిన ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే చిన్న పుస్తకం, స్టేషనులో మనిషికి ఉండే హక్కులేమిటో మామూలు తెలుగులో చెప్పింది. చట్టం లాయరు గదిలోనే ఉండిపోకూడదన్న ఆయన నమ్మకం ఆ పుస్తకంలో కనిపిస్తుంది.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. అప్పటికి తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల వైపు వచ్చాడు. కత్తి పద్మారావు తదితరులతో కలిసి దళిత మహాసభ కట్టాడు. కారంచేడు మాదిగలు ఊరు విడిచి చీరాల చేరారు. తిరిగి అదే ఊళ్లో అదే భూస్వాముల కింద కూలికి వెళ్లే పరిస్థితి రాకూడదని అక్కడే ఉండిపోయారు. కేసు నిలబడటానికి ఈ నిర్ణయమే ప్రధాన కారణమని చెప్పాలి. కూలి ఇచ్చేవాడి మీద సాక్ష్యం చెప్పి సాయంత్రం ఆయన పొలానికే వెళ్లాల్సిన మనిషి కోర్టులో ఎన్నాళ్లు నిలబడగలడు? చివరికి తీర్పు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టులో వచ్చింది. ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ల జైలు. మధ్యలో 23 ఏళ్లు గడిచిపోయాయి.

కారంచేడు వంటి ఘటనల తరువాతే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దానికి పెద్ద పరీక్ష అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. బాధితులు అడిగిన మొదటి కోరికల్లో ఒకటి, విచారణ తమ ఊళ్లోనే జరగాలని. జిల్లా కేంద్రంలో వాయిదా అంటే కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, దారిలో బెదిరించేవాళ్లు ఉంటారు. ఎన్నో ఏళ్ల పట్టుదల తరువాత ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. ప్రత్యేక ప్రాసిక్యూటరుగా బి. చంద్రశేఖర్ వాదించాడు. తారకం మొదటి నుంచీ బాధితుల వెంటే ఉన్నాడు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అది తేలకుండానే 2016 సెప్టెంబరు 16న తారకం కన్నుమూశాడు.

ఈ పోరాటాల వల్ల చట్టంలో నిలిచిన కొన్ని హక్కులు చాలామంది బాధితులకు ఇప్పటికీ తెలియవు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన 1995 నాటి నియమాల్లో 4(5) ప్రకారం, బాధితులు కోరితే తమ కేసు నడపడానికి పేరున్న సీనియర్ న్యాయవాదిని జిల్లా మేజిస్ట్రేటు నియమించవచ్చు. ఫీజు ప్రభుత్వమే కట్టాలి. 12(4) ప్రకారం తీర్పు వచ్చేదాకా ఆగకుండా సహాయం అందించాలి. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణలోని 15ఎ సెక్షన్, బెయిలు దగ్గర నుంచి శిక్ష దాకా ప్రతి దశలోనూ తన మాట వినిపించే హక్కు బాధితుడికి ఇచ్చింది. ఇన్ని ఉన్నా కాలయాపన మాత్రం ఆగలేదు. ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉన్న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో 1996 డిసెంబరులో దళిత యువకులకు శిరోముండనం చేశారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. శిక్ష 18 నెలలు.

కోనసీమలో రెండో రకం సామూహిక నష్టం గ్యాసు బావుల్లోంచి, గొట్టాల్లోంచి వచ్చింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే గెయిల్ సంస్థ 18 అంగుళాల గొట్టం తుప్పుకు చిల్లుపడింది. గ్యాసు మంచులా ఇళ్ల మీద కమ్ముకుంది. నిప్పు తగలగానే వీధి మొత్తం అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్లు కొందరు నిద్రలోనే పోయారు. కొబ్బరిచెట్లు మొవ్వుదాకా మాడిపోయాయి. 20 మందికి పైగా చనిపోయారు. తేమ లేని గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరూ గంధకమూ ఉన్న గ్యాసు పంపడం వల్ల లోపలి నుంచి తుప్పు తినేసిందని విచారణలో తేలింది.

మృతుల కుటుంబాలకు గెయిల్ 20 లక్షలు, రాష్ట్రం మూడు లక్షలు, ప్రధాని సహాయనిధి రెండు లక్షలు ప్రకటించాయి. అంత త్వరగా డబ్బు ప్రకటించడం మంచిదే. కానీ ఎక్స్‌గ్రేషియా దయగా ఇచ్చేది, పరిహారం హక్కుగా వచ్చేది. మొదటిది పుచ్చుకున్న కుటుంబం రెండోదాని కోసం కోర్టు మెట్లెక్కడం అరుదు. పైగా ఆస్తి నష్టం లెక్క పట్టా ఉన్నవాడి పేర మొదలవుతుంది. చెట్టు కాలితే తోట యజమానికి లెక్క కడతారు. ఆ తోటలో దింపు తీసేవాడి, కాయ ఒలిచేవాడి, కౌలుకు చేసుకునేవాడి పోయిన పనిదినాలను లెక్కలోకి తేవడానికి ఒక లాయరు కూర్చుని రాయాలి.

అలాంటి లాయరు దొరకకపోవడానికి కారణం మన పద్ధతిలోనే ఉంది. అమెరికాలో లాయరు కేసు గెలిస్తేనే వచ్చిన సొమ్ములో వాటా తీసుకుంటాడు. ఓడిపోతే బాధితుడు ఫీజు ఇవ్వక్కర్లేదు. మన బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. సివిల్ దావాకు అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి ఆర్డరు ఎనిమిదో నియమం కింద ఒకరు పదిమంది తరఫున దావా వేయవచ్చు గానీ, దాన్ని ఏళ్ల తరబడి సొంత ఖర్చుతో నడిపేవాళ్లు తక్కువ. భోపాల్ గ్యాసు దుర్ఘటనలో బాధితుల తరఫున దావా వేసే అధికారం 1985 చట్టంతో కేంద్రమే తీసుకుంది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీపడింది. బాధితుల్లో చాలామంది ఆ రాజీని ఇప్పటికీ ఒప్పుకోలేదు.

చట్టసూత్రం మాత్రం బలంగానే ఉంది. ఢిల్లీ ఓలియం గ్యాసు లీకు కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు తప్పు లేదని చెప్పుకుని తప్పించుకోలేడని తేల్చింది. 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఈ సూత్రం మీద పరిహారం ఇప్పించే అధికారం ఉంది. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ లీకైతే, ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని ఎల్‌జీ పాలిమర్స్ చేత 50 కోట్లు డిపాజిట్ చేయించింది. కోనసీమ వాసి ఒకరు వేసిన కేసులో 2022లో ఓఎన్‌జీసీ 22.76 కోట్ల పర్యావరణ పరిహారం కట్టాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. అది నేలకూ నీటికీ జరిగిన నష్టం పద్దు. మనుషులకు జరిగిన నష్టం ఎవరికి వారు, లేదా అందరి తరఫున ఒకరు, విడిగా అడగాలి. ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద దానికి గడువు ఐదేళ్లు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. నగరం పేలుడుకు ఆ గడువు 2019లోనే దాటిపోయింది.