మన విస్తరి, మన మేదస్సు

తెలుగువాడు ఒకని గర్వమును నిందింపవలెనన్న "వానికి కొవ్వెక్కినది" అనును. చాలకాలమునకు కనబడిన బంధువును జూచి అతడే "ఇట్లు చిక్కిపోయితివేమి?" అని విచారించును. కొవ్వు నింద, చిక్కుట విచారము. రెండును ఒకే భాషలో నున్నవి. ఈ రెంటి నడుమ మన పూర్వులు త్రాసు నెట్లు నిలిపిరో, అది మన కాలమున నెటు మొగ్గినదో చరిత్రనుబట్టి పరిశీలింపదలచితిమి.

చరకసంహిత సూత్రస్థానము, 21వ అధ్యాయమున నిందితులైన ఎనిమిది విధముల దేహములవారు పేర్కొనబడిరి. వారిలో అతిస్థూలుని, అతికృశుని గూర్చియే గ్రంథము విపులముగా చర్చించును. స్థూలతకు కారణములు అధికభోజనము, గురువులును మధురములును స్నిగ్ధములునైన పదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర. వీనితోపాటు బీజస్వభావము, అనగా వంశమునుండి సంక్రమించునదియు చెప్పబడినది. ఈ కడపటి మాట గమనింపదగినది. స్థూలుని దోషమంతయు వాని నాలుకదేయని ఆ వైద్యులు తలపలేదు. చికిత్సలోనైనను వారు కడుపు మాడ్చుకొమ్మనలేదు. కడుపునకు నిండుగా నుండి, దేహమును మాత్రము పెంచని ఆహారము నిమ్మనిరి: యవలు, పెసలు, ఉలవలు, మజ్జిగ. నియమములను సైతము క్రమక్రమముగా పెంచుకొనవలెనని చెప్పిరి. ఉలవలు పశువుల దాణా యని చిన్నచూపు చూచువారు ఈ అధ్యాయమును చదువదగును. ఉలవచారులో మీగడ కలుపుకొనుట మాత్రము చరకుని యోగము కాదు.

ఇక ఆధునికకాలమునకు వత్తము. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధి పరిశోధనకై యొక చిన్న ప్రయోగశాలను ప్రారంభించెను. ఆ సంస్థయే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. కూనూరున మెకారిసన్ ఎలుకలను గుంపులు చేసి, ఒక్కొక్క గుంపునకు ఈ దేశమునందలి యొక్కొక్క జనసమూహము తిను తిండిని పెట్టించెను. కొంతకాలమునకు తూచి చూడగా, సిక్కుల భోజనము తిన్న ఎలుకల సగటు బరువు 235 గ్రాములు. మహారాష్ట్రులది తిన్నవి 225. కన్నడిగులది తిన్నవి 185. మదరాసీలది తిన్నవి 155. గోధుమరొట్టె, పాలు, పెరుగు, పప్పు, కూరగాయలు గల భోజనము మొదటిది. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానమై, పాలు కరవైనది చివరిది.

ఈ మదరాసీలెవరు? 1936 వరకు బరంపురము, 1953 వరకు బళ్ళారి, ఆంధ్రజిల్లాలు, చెన్నపట్టణము అన్నియు ఆ రాజధానిలోనివే. నేడు వేర్వేరు రాష్ట్రముల పౌరులమైన మనలో ననేకుల పెద్దలు ఆ చివరి లెక్కలోనివారే. యానామువారు 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిరి గాని, వారి విస్తరి గోదావరిదే కదా!

ఆనాడు బరువు పెరుగుటయే మేలునకు గుర్తు. వైద్యుల చింతయంతయు లోటును గూర్చియే. తరువాత పంట పెరిగినది. 1966లో ఐఆర్8 వరి వచ్చినది. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండురూపాయల బియ్యము వచ్చినది. ఆకలి తీరుట సామాన్యమైన మేలు కాదు. కాని జొన్న, రాగి, కొఱ్ఱ వెనుకబడినవి. రాయలసీమ, తెలంగాణములలో మన తాతలు తిన్నది సంకటియు, జొన్నరొట్టెయు. షోలాపురమున జొన్నరొట్టె, కన్నడసీమలో రాగిముద్ద, కోరాపుటులో మండియా పొరుగిండ్లనే యున్నను, తెలుగు భోజనమన్న తెల్లని వరియన్నమే యను అభిమానము మనలో గట్టిపడినది. పిల్లల నోట భాష సన్నగిల్లుచుండగా ఆవకాయ, పులిహోర, బొబ్బట్లే మన యానవాళ్ళుగా మిగిలినవి. అందుచేతనే పండుగ వంట వారపు వంటయైనదని మా తలంపు. దీనిని నిందింపజాలము, కాని దాని వెల నడుమున కనబడుచున్నది.

ఆ వెల మనకే యధికమగుటకు కారణమును పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అను వైద్యుడు వెదకెను. 1993లో మొదలైన పరిశోధనలో పుణె పరిసరగ్రామముల శిశువుల సగటు బరువు 2.7 కిలోలు; ఇంగ్లండులోని సౌతాంప్టను శిశువులది 3.5 కిలోలు. మన శిశువుల కండ తక్కువ, చర్మము క్రింది కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. 2004లో యాజ్ఞిక్ తన్నును, జాన్ యడ్కిన్ అను ఆంగ్లవైద్యుని పోల్చి చూపెను. ఇరువురకును ఎత్తు బరువుల సూచిక 22.3, శరీరమున కొవ్వు ఆంగ్లేయునకు నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌కు 21.2. చేతులు సన్నగా నుండి పొట్ట మాత్రము ముందునకు వచ్చుట మన యిండ్లలో ఎరుగనివారెవరు? ఆ యేటనే ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు ఆసియావాసులకు 25 వరకు ఆగక 23 నుండియే జాగ్రత్త వలెననిరి. మధుమేహము సన్ననివారిని సైతము పట్టుట కిదియొక కారణము.

మరి ఉపవాసములతో త్వరగా తగ్గింపవచ్చునా? 1944, 45 సంవత్సరములలో అమెరికాలోని మినెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆరుమాసములు సగము తిండి పెట్టెను. వారి బరువు నాల్గవవంతు తగ్గినది. మరల తిండి పెట్టగా కండకంటె కొవ్వే ముందుగా తిరిగివచ్చినది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొనిన లెప్టిన్ దీనిని కొంత వివరించును. ఇది కొవ్వుకణములనుండి పుట్టి మెదడునకు నిల్వ వార్త చేర్చును; కొవ్వు తగ్గిన నిదియు తగ్గి, ఆకలి పెరుగును. అందువలన పెండ్లికి ముందు నెల కడుపు మాడ్చుకొని తగ్గిన బరువు, ఏడాది తిరుగకముందే వచ్చుట వింత గాదు.

కూనూరున పుట్టిన ఆ సంస్థయే 2024లో, దినమునకు వలయు శక్తిలో ధాన్యములనుండి నూటికి 45 వంతులు మించరాదని సూచించినది. మిగిలినది పప్పులు, పాలు, గింజలు, కూరలు, పండ్లనుండి రావలెను. మనకిది క్రొత్త వంట గాదు. పప్పు పలుచన చేయక, ఆకుకూర నెక్కువ వేసి, అన్నము నొక గరిటె తగ్గించి, వారమున మూడునాళ్ళు రాగిసంకటియో జొన్నరొట్టెయో, సాయంకాలము కారపుచక్రముల బదులు ఉలవగుగ్గిళ్ళో పెట్టిన చాలును. బొబ్బట్టు ఉగాదికి వచ్చి పోవును.