ఊరి రికార్డుల్లో వంశ చరిత్ర: ఆలంగుళం, కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగు కుటుంబాలు

తాలూకా కచేరి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, కోర్టు, పంచాయతీల్లోని పాత కాగితాల ఆధారంగా ఒక కుటుంబం తరాల వరుసను, స్థితిగతులను నిర్ధారించుకోవడం వంశ చరిత్ర పరిశోధనలో ముఖ్యమైన పద్ధతి. తమిళనాడులో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి సీమను ‘కరిసల్’ అంటారు. విజయనగర, మదురై నాయక రాజుల కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, పక్కనే రాజపాళయం రాజులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువు, రాతకోతలు మాత్రం తమిళంలో. వీరి పూర్వీకుల కోసం రికార్డులు తిరగేసేవారు ముందుగా గ్రహించాల్సింది ఒకటుంది. ఇక్కడి రికార్డులు పుట్టింది భూమి కోసం, శిస్తు కోసం. పేరు పట్టుకుని వెతికితే అవి పెద్దగా పలకవు. పొలం పట్టుకుని వెతికితే తాతముత్తాతల దాకా తీసుకెళ్తాయి.

ఈ రికార్డుల చరిత్ర చూస్తే అలా ఎందుకో తెలుస్తుంది. 1529 ప్రాంతంలో మదురైలో నాయక పాలనకు పునాది వేసిన విశ్వనాథ నాయకుడు రాజ్యాన్ని 72 పాళయాలుగా విభజించాడని ప్రతీతి. ఆ రోజుల్లో రాతకెక్కింది పాళెగాళ్ల వంశావళే గాని రైతు వంశం కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులూ (స్థానిక చరిత్రలూ) అలాంటివే. 1799లో కయత్తారులో పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీశాక, 1801లో ఆర్కాటు నవాబు నుంచి పాలన పూర్తిగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1803లో ఎట్టయపురం వంటి పాళయాలు జమీందారీలయ్యాయి. సర్కారు గ్రామాల్లో రైతువారీ పద్ధతి కింద పట్టా, చిట్టా, అడంగల్ లెక్కలు సాగాయి. జమీ గ్రామాల్లో లెక్కలు జమీందారు కచేరీవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అక్కడ ప్రభుత్వ సెటిల్మెంటు జరిగింది. కాబట్టి తమ ఊరు అప్పట్లో సర్కారుదో జమీదో తేల్చుకోకుండా వెతకడం మొదలుపెడితే శ్రమ వృథా.

ఊరు ఏ జిల్లాదన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. ఆలంగుళం అనే పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి విరుదునగర్ జిల్లా వెంబకోట్టై తాలూకాలోని సిమెంట్ ఫ్యాక్టరీ ఊరు. రెండోది తెన్‌కాశి జిల్లాలోని తాలూకా కేంద్రం. మొదటి ఊరు పాత సాత్తూరు తాలూకాలోది. ఆ తాలూకా 1910 వరకు తిరునెల్వేలి జిల్లాలో ఉండి, ఆ ఏడాది కొత్తగా ఏర్పడ్డ రామనాథపురం జిల్లాకు మారింది. 1985లో దాన్ని విడదీసి ఇప్పటి విరుదునగర్ జిల్లాను చేశారు. మరుసటి ఏడాది కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోకి వెళ్లింది. అందుకే 1910కి ముందరి జిల్లా కాగితాలను తిరునెల్వేలి పేరు కింద వెతకాలి. 1909లో మద్రాస్ రికార్డ్ ఆఫీసుగా వెలసిన ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ ఇదే లెక్క.

వంశ చరిత్రకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది రిజిస్ట్రేషన్ దస్తావేజు. 1864 చట్టంతో మొదలైన ఈ వ్యవస్థ 1908 చట్టంతో నేటి రూపానికి వచ్చింది. దస్తావేజులో ప్రతి వ్యక్తికి నివాసం, వృత్తి, తండ్రి పేరు రాయాలని, తల్లి పేరుతో పిలవబడేవారికి తల్లి పేరు రాయాలని ఈ చట్టంలో ఉంది. స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఒకటో పుస్తకంలో ఉంటాయి. దానికి పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వేరువేరుగా ఉంటాయి. రుసుము కట్టి ఎవరైనా వాటిని చూడవచ్చు. అన్నదమ్ముల పంపకాల దస్తావేజు ఒక్కటి దొరికితే చాలు, తాత, కొడుకులు, మనవలు ఒకే కాగితంలో వరుసగా కనిపిస్తారు. అయితే భూమి రికార్డులను తాజాపరచడానికి 1979లో మొదలైన యూడీఆర్ పథకంలో పట్టా నంబర్లు, సబ్‌డివిజన్లు మారిపోయాయి. నేటి నంబరు నుంచి వెనక్కి వెళ్లాలంటే పాత, కొత్త నంబర్లు పక్కపక్కన ఉండే రిజిస్టరు కావాలి.

మనుషుల రికార్డులు ఉండగా భూమి వెంట ఎందుకు పడాలని అడగవచ్చు. ఇంగ్లండులో వందేళ్లు దాటిన జనాభా లెక్కల పత్రాలు ఎవరైనా చూడవచ్చు. మన దేశంలో ఇంటింటి జనగణన పత్రాలను చూసే వీలు 1948 జనగణన చట్టం ఇవ్వదు. 1899 మద్రాసు చట్టం నాటి జనన రిజిస్టర్లు ఉన్నా, నామకరణానికి ముందే నమోదు జరగడం వల్ల చాలాచోట్ల బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. దానికి తోడు తమిళనాట ఇంటిపేరు రాసే అలవాటు లేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. ఒకే ఊళ్లో ఇద్దరు రామసామి నాయకర్లుంటే వారిని వేరుచేసేది సర్వే నంబరు, చెక్కుబందీలే.

ఇంకో ఆక్షేపణ: పెద్దల నోట వలస కథ ఉండగా కాగితాలెందుకు? ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఇలాంటి కథ మీదే 1976లో ‘గోపల్ల గ్రామం’ నవల రాశారు. కాని రాజు పిల్లనడిగితే రాత్రికి రాత్రే పారిపోయి వచ్చామన్న కథను ఎన్నో కులాలవారు చెప్పుకుంటారు. అందరిదీ అయిన కథ ఒక కుటుంబానికి ప్రత్యేకమైన సాక్ష్యం కాలేదు. అలాగని దాన్ని తోసిపుచ్చనూ కూడదు. రికార్డుల్లో లేని ఇంటిపేరు, కులదేవత, వియ్యాలందిన ఊళ్లు పెద్దల నోటనే దొరుకుతాయి. ఆ వివరాలతో ఊరు తెలుస్తుంది, కాగితంతో కాలం తేలుతుంది.

భూమి లేనివారు, స్త్రీలు ఈ పద్ధతిలో కనబడరన్నది అన్నిటికన్నా బలమైన విమర్శ, చాలావరకు నిజం కూడా. అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. 1860లో ట్రూరో ఓడతో మొదలై 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన ఒప్పంద కూలీల జాబితాల్లో తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా ఉంటాయి. స్త్రీలు వీలునామాల్లో, మనోవర్తి దావాల్లో కనిపిస్తారు. 1989లో తమిళనాడు కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చాక, హక్కు విడుదల దస్తావేజుల్లో ఆడపడుచుల పేర్లు, మెట్టినూళ్లు నమోదవుతున్నాయి.

ఊరి రికార్డుల నిర్వహణ కూడా మారింది. 1980లో తమిళనాడు వంశపారంపర్య గ్రామాధికారులను తొలగించి గ్రామ పరిపాలనాధికారులను (వీఏఓలను) నియమించింది. పట్టా, చిట్టా, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. అయితే తెరపై కనిపించేవి ఇటీవలి తరాలే, అంతకు ముందువాటికి నేటికీ ఆఫీసు మెట్లెక్కాల్సిందే. అందుకని వంశ చరిత్ర రాయదలచినవారు ముందు ఇంట్లోని పాత పట్టా, దస్తావేజుల్లోంచి సర్వే నంబర్లు రాసుకోవాలి. పెద్దలు ఉండగానే ఇంటిపేరు, కులదేవత గుడి అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాతే రికార్డు గదికి వెళ్లాలి.