సూది ఒక్కటే, ఫలితం రెండు రకాలు: నెలలు నిండని బిడ్డల మందు చరిత్ర



మనలో నర్సింగ్, ఏఎన్ఎం, డాక్టరు చదువుల్లో ఉన్నవాళ్లు "పరిశోధనలో రుజువైంది" అనే మాట రోజూ వింటారు. ఎక్కడ రుజువైంది, ఎలాంటి ఆసుపత్రిలో రుజువైంది అని మాత్రం మనం తక్కువగా అడుగుతాం. అది ఎందుకు అడగాలో ఒక సూది చరిత్ర బాగా చెబుతుంది.

నెలలు నిండకుండా పుట్టే బిడ్డకు పెద్ద గండం ఊపిరితిత్తులు తయారుకాకపోవడం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి డాక్టరు, నొప్పులు ఎట్లా మొదలవుతాయో తెలుసుకోవడానికి చూడి గొర్రెల మీద ప్రయోగాలు చేసేవారు. స్టెరాయిడ్ మందు అందిన పిల్లలు, చాలా ముందుగా పుట్టినా ఊపిరి తీసుకోవడం ఆయన గమనించారు. పిల్లల డాక్టరు రాస్ హోవీతో కలిసి 282 మంది తల్లులతో పరీక్ష చేసి, 1972లో ఫలితం ప్రచురించారు.

ఎవరికి అసలు మందు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది డాక్టరు ఇష్టానికి వదల్లేదు, చీటీలు తీసినట్టు నిర్ణయించారు. డాక్టరే ఎంచుకుంటే, బిడ్డ బతికింది మందు వల్లనో తల్లి ముందే ఆరోగ్యంగా ఉండడం వల్లనో తేలదు కదా. నొప్పులు వాటంతట అవే ముందుగా వచ్చిన తల్లుల్లో, మందు అందిన వారి బిడ్డల తొలి రోజుల మరణాలు 3.2 శాతం, అందని వారిలో 15 శాతం.

ఇంత తేడా కనిపించినా, ఇరవై ఏళ్ల దాకా చాలా ఆసుపత్రులు ఈ సూది వాడలేదు. తర్వాత జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి. ఒక్కొక్కటి విడిగా చూస్తే కొన్నింటిలో తేడా స్పష్టంగా లేదు. 1990లో ప్యాట్రీషియా క్రౌలీ, ఆమె సహచరులు 12 పరీక్షలను కలిపి లెక్కగట్టాక మేలు ఉందని స్పష్టమైంది. పరిశోధనలను ఇలా కలిపి చూడడానికే 1993లో మొదలైన కోక్రేన్ సంస్థ ముద్రలో ఉన్న అడ్డగీతలు ఈ సూది పరీక్షలవే. ఆలస్యానికి మూల్యం బతకగలిగీ బతకని బిడ్డలు.

అయితే ఆ పరీక్షలు ఎక్కువగా ధనిక దేశాల పెద్ద ఆసుపత్రుల్లో జరిగినవి. మరి ఊరిలో?

2014లో మన కేంద్ర ప్రభుత్వం, ముందుగా నొప్పులు వచ్చిన తల్లిని పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇవ్వొచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. దాదాపు అదే సమయంలో యాక్ట్ అనే పెద్ద పరీక్ష ఫలితం బయటికొచ్చింది. అర్జెంటీనా, గ్వాటెమాలా, ఇండియా, కెన్యా, పాకిస్తాన్, జాంబియాల్లో, సౌకర్యాలు తక్కువున్న ప్రాంతాల్లో దాదాపు లక్ష జననాలను పరిశీలించారు. ఈసారి చీటీ మనుషులకు కాదు, ప్రాంతాలకే వేశారు. బాగా చిన్నగా పుట్టిన బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం బిడ్డలను చూస్తే, సూది వాడకం పెంచిన ప్రాంతాల్లో వెయ్యికి 27.4 మంది చనిపోయారు, మిగతా చోట్ల 23.9. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి.

ఇది చూసి "ఆ మందు మన జనానికి పడదు" అనుకుంటే పొరపాటు. 2020లో వచ్చిన యాక్షన్ అనే పరీక్షలో ఇండియాతో పాటు బంగ్లాదేశ్, కెన్యా, నైజీరియా, పాకిస్తాన్ ఆసుపత్రుల్లో 2,852 మంది తల్లులు పాల్గొన్నారు. బిడ్డల మరణాలు సూది లేనివారిలో 23.5 శాతం, సూది వేసినవారిలో 19.6 శాతం. ఇక్కడ స్కానింగ్‌తో నెలలు సరిగ్గా లెక్కపెట్టారు, పుట్టిన బిడ్డను చూసుకునే వార్డు ఉంది. యాక్ట్ ఊళ్లలో నెలల లెక్క కష్టం. నెలలు నిండిన తల్లులకూ సూది పడింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో షరతులు పెట్టింది, వాటిలో ఇవి ఉన్నాయి: నెలలు కచ్చితంగా తెలియాలి, తల్లికి ఇన్ఫెక్షన్ ఉండకూడదు, కాన్పు సరిగ్గా చేసే ఏర్పాటుండాలి, బిడ్డకు తగిన సంరక్షణ ఉండాలి.

అంటే తేడా మన రక్తంలో లేదు. స్కానింగ్‌లో, వార్డులో, దారిలో ఉంది. డోలీ మీద తల్లిని మోసుకెళ్లే ఊరికి సూది ఒక్కటే పంపితే పరిశోధనను సగమే పాటించినట్టు. మిగతా సగం కూడా మనం అడగాలి.

ఊరిలోనే పుట్టిన రుజువు కూడా ఉంది. ప్రాణహిత అవతల, గోండులు చాలామంది ఉండే గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల బృందం ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, 39 ఊళ్లలో పసిబిడ్డలను ఇంటి దగ్గరే చూసుకునే ఏర్పాటు చేసింది. 1999లో ప్రచురించిన ఫలితం ప్రకారం మూడో ఏడాదికి, పోల్చి చూసిన 47 ఊళ్లకంటే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. అక్కడ ఊళ్లను చీటీ వేసి ఎంచలేదు. ఆ లోటు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. తర్వాత ఇతర చోట్ల పరీక్షించారు. ఈ రోజు ఆశా అక్క పసిబిడ్డను చూడ్డానికి ఇంటికి రావడం వెనక ఈ పని ఉంది.

రేపు క్లాసులో "రుజువైంది" అన్న మాట వినగానే, చెయ్యెత్తి అడుగుదాం: సార్, ఎక్కడ? ఏ సౌకర్యాలతో?

జై ఆదివాసీ.