కార్డు మీద చదరంగం

1829లో మద్రాసులో ఒక చదరంగం పుస్తకం అచ్చయింది. రాసినవాళ్ళు మద్రాసు ఆటగాడు గులాం కాసిం, అక్కడి సివిల్ సర్వీసులో ఉన్న జేమ్స్ కోక్రేన్. మద్రాసుకీ హైదరాబాదుకీ మధ్య ఉత్తరాల మీద నడిచిన రెండు ఆటలు వ్యాఖ్యతో సహా అందులో ఉన్నాయి. మద్రాసు పక్షాన ఎత్తులు నడిపించింది కాసిమే. అప్పటికి మన దేశంలో రైలూ లేదు, టెలిగ్రామూ లేదు. బంటు ఒక గడి జరిగిందన్న కబురు టపా సంచిలో కాలినడకన పోవాల్సిందే. ఎదుటి మనిషి ముఖం చూడకుండా ఆడే చదరంగం మనకు ఫోన్లతో వచ్చింది కాదు.

తపాలా శాఖలో పనిచేసి మాచవరంలో స్థిరపడ్డవాణ్ణి కనుక ఈ సంగతంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పోస్టుకార్డు పదిహేను పైసలున్న రోజుల్లో నేనూ కార్డుల మీద ఆడాను. దానికో పద్ధతి ఉండేది. మన భాష రానివాడితోనూ ఆడాలి కాబట్టి ఎత్తులన్నీ అంకెల్లోనే రాసేవాళ్ళం. నిలువు వరుసలకు ఎడమ నుంచి, అడ్డ వరుసలకు కింది నుంచి 1 మొదలు 8 దాకా నంబర్లు. తెల్లరాజు ముందున్న బంటు రెండు గడులు జరిగితే 5254. రాజు వైపు గుర్రం బయటికొస్తే 7163. ముందు అవతలివాడి ఎత్తు తిరగరాయాలి, దాని కింద మన ఎత్తు, ఆ కింద అతని కార్డు చేరిన తేదీ, మనం జవాబిచ్చిన తేదీ. కార్డు దారిలో ఉన్న రోజులు లెక్కలోకి రావు, మన చేతిలో ఉన్న రోజులే మన టైము. పేచీ వస్తే పోస్టు ముద్రే సాక్ష్యం. అంకె పొరపాటున పడినా, ఆ ఎత్తు నియమం ప్రకారం చెల్లేదైతే, అదే ఖాయం. అందుకే డబ్బాలో వేసేముందు పావుల్ని మళ్ళీ పేర్చి చూసుకునేవాణ్ణి. ఒక్కో ఆట ఏడాది దాటేది. ఆటలో నాకు తెలిసిందంతా ఆ కార్డులు నేర్పిందే.

మా ఇంట్లో పెద్దవాళ్ళది దేశీ పద్ధతి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజుకు కోట కట్టుకోవడం లేదు, బదులుగా ఒకే ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. పంజాబ్‌కు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ నేర్చుకున్నదీ ఇలాంటి ఆటే. పడమటి నియమాలు తర్వాత పట్టుబడ్డాయి. అయినా 1929, 1932, 1933ల్లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఇక మన దగ్గర, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకి, 1955లో, దేశంలోనే మొట్టమొదటి జాతీయ చాంపియన్‌షిప్‌ను ఆంధ్ర చెస్ అసోసియేషన్ ఏలూరులో జరిపింది. మన డి. వెంకయ్య, రామచంద్ర సప్రే సమంగా నిలిచి ఇద్దరూ విజేతలయ్యారు. ఏలూరు అనగానే తివాచీలు గుర్తొచ్చేవాళ్ళకి ఇదీ గుర్తుండాలి.

2001లో గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అప్పటికి మాదీ గుంటూరు జిల్లాయే. మరుసటేడు కోనేరు హంపి. 2020 ఆగస్టులో, కరోనా కాలంలో, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఆన్‌లైన్ ఒలింపియాడ్ పెట్టినప్పుడు ఆ ఇద్దరూ, గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారికా భారత జట్టులో ఉన్నారు. పోలండ్‌తో సెమీఫైనల్ చివరికి ఒకే ఆట మీద తేలాల్సి వస్తే, మోనికా సోచ్కోను హంపి గెలిచింది. ఫైనల్లో నెట్ తెగి మనవాళ్ళిద్దరు ఆట మధ్యలో ఆగిపోయారు. భారత్, రష్యాలకు కలిపి స్వర్ణం ఇచ్చారు.

మా మనవడు ఆట మొదలుపెట్టింది ఫోన్లోనే. మూడు నిమిషాల ఆటలు, ఒకదాని మీద ఒకటి. “తాతయ్యా, రేటింగ్ ఎక్కట్లేదు” అంటాడు. ఎక్కడ పోయిందిరా అంటే చెప్పలేడు, అప్పటికే తర్వాతి ఆట మొదలైపోయి ఉంటుంది. తిబో డ్యూప్లెసీ అనే ఫ్రెంచివాడు 2010లో పెట్టిన లీచెస్ అనే చదరంగం సైటులో ఎత్తుకు రోజుల గడువుండే ఆట ఉంది. అచ్చం మా కార్డులే. ప్రారంభాల పుస్తకం చూసుకోవచ్చు, కంప్యూటర్ ఇంజన్‌ను మాత్రం అడగకూడదు. అందులో కూర్చోబెట్టాను.

వాడు నల్లపావులతో తరచూ ఓడేది ఒకే దాడికి. తెల్లమంత్రి 4185, శకటం 6134, రెండూ కలిసి రాజు పక్క బంటు మీదికి గురిపెడతాయి. నాలుగో ఎత్తుకు ఆట కట్టు. రెండు రోజుల గడువున్న ఆటలో అదే దాడి వచ్చింది. పావుల్ని బల్ల మీద పేర్చి వాడే కనిపెట్టాడు: 7776తో మంత్రిని తోలాలి, అది వెనక్కి జరిగి అదే బంటు మీద మళ్ళీ కన్నేస్తే 7866తో గుర్రం అడ్డం పెట్టాలి. ఆ గుర్రం బయటికొచ్చాక తెల్లవాడి దగ్గర దాడే మిగల్లేదు, మంత్రిని కాపాడుకోవడంలోనే ఎత్తులు పోయాయి.

ఆట ముగిశాక ఇంజన్ విశ్లేషణ ఉచితంగా వస్తుంది. తప్పులన్నీ గుర్తుపెట్టి చూపిస్తుంది. వాడు ముందు తన తప్పెక్కడో నోట్‌బుక్కులో రాయాలి, ఆ తర్వాతే అది నొక్కనిస్తాను. కార్డుల కాలంలో మాకు ఆ రెండో సగం లేదు, అనుమానం అనుమానంగానే మిగిలిపోయేది. వీడికి రెండూ ఉన్నాయి. ఈ వేసవికి ఏనుగుల చివరాట మొదలుపెడదామంటున్నాడు.